పచ్చబొట్టును చెరుపు విద్య

జొన్నాడ ఎదుట గౌతమి మిక్కిలి విశాలముగా ప్రవహించును. ఎడమ గట్టున జొన్నాడయు, కుడి గట్టున రావులపాలెమును, రెంటికిని నడుమ చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గమును మోయుచున్న వంతెనయు నేడు మనకు కనబడుచున్నవి గాని, ఆ వంతెన వెలయక పూర్వము మండపేట, ఆలమూరు ప్రాంతములనుండి కోనసీమకు పోవలసినవారందరు ఏటియొడ్డున పడవకొరకో పంటుకొరకో వేచియుండవలసినవారే. ధాన్యము, కొబ్బరికాయలు, అరటిగెలలు ఏరు దాటెడివి. పెండ్లివారు, తీర్థప్రజలు, వ్యాజ్యములకై కచేరీల చుట్టు తిరుగువారు దాటెడివారు. వారితోపాటు కుప్పనూర్పుల కాలమున, ఇంటింట గాదెలు నిండిన తరుణము చూచుకొని, గంప చంకనిడుకొని సోది చెప్పుచు, పచ్చబొట్లు పొడుచుచు ఊరూర తిరుగు ఎరుకల స్త్రీలును దాటెడివారు. వారు పొడిచిన గుర్తులను గురించి వ్రాసినవారు పెక్కురు కలరు. ఆ గుర్తులను, వానివంటి ఇతరములగు గుర్తులను, ఏ కారణముచేతనో వలదనుకొని చెరుపుకొనబూనిన వారిని గురించి వ్రాసినవారు అరుదు. చెరుపు విద్య పొడుచు విద్యకంటె తక్కువ ప్రాచీనము కాదు. మనుష్యుని దుఃఖము మాత్రము దీనియందే ఎక్కువగా దాగియున్నది గనుక నేను దీనినే చెప్పబూనితిని.

ముందుగా ఆ గుర్తు ఎట్లు పడునో తెలియవలెను. చెన్నపురి వస్తుప్రదర్శనశాలకు అధ్యక్షుడుగా నుండిన ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో ప్రకటించిన దక్షిణహిందూదేశ జాతివిశేషముల గ్రంథమునందును, 1909లో రంగాచారి సహాయమున ఏడు సంపుటములుగా వెలువరించిన కులముల గ్రంథమునందును ఈ పనిని శ్రద్ధతో గమనించి వ్రాసెను. పసుపును అవిసె ఆకును కలిపి నూరి, ఆ ముద్దను పలుచని గుడ్డకు పట్టించి, గుడ్డను ఒత్తిగా చుట్టి ఆముదమున వెలిగించి, ఆ దీపముమీద మూకుడు బోర్లించినచో దానికి పట్టిన మసియే రంగు. నాలుగైదు సూదులను ఒక్కటిగా కట్టి, ఆ మసిలో ముంచి, చర్మము బిగబట్టి పొడుచుచు, నెత్తురు చిందినపుడెల్ల తుడుచుచు, పిల్ల ఏడ్పు మాన్పుటకు పాట పాడుచు ఆ స్త్రీ పని ముగించెడిది. పొడుపు పైపొరను దాటి లోపలి చర్మములో దిగినప్పుడే గుర్తు నిలుచును. పైపొర నెలకొకమారు వంతున రాలి క్రొత్తది పుట్టుచుండును గనుక దానియందలి రంగు దానితోనే పోవును. లోపలి పొరలో చేరిన మసి రేణువులను శరీరరక్షణకై తిరుగు భక్షకకణములు మ్రింగివేసి, జీర్ణించుకొనలేక, కడుపున పెట్టుకొని అక్కడనే నిలిచిపోవును. ఆ కణములు చచ్చినను రంగు పోదు. చచ్చిన కణము విడిచిన మసిని క్రొత్తగా వచ్చిన కణము మరల మ్రింగునని ఫ్రాన్సుదేశమున మార్సెయిలు పట్టణపు పరిశోధకులు 2018లో ఎలుకలమీద చూపిరి. మనము శాశ్వతమని తలచు గుర్తు నిజమునకు చేతులు మారుచు వచ్చిన నిక్షేపమువంటిదన్నమాట.

ఈ గుర్తు మన పల్లెలలో అలంకారముకంటె ఎక్కువైనది. చచ్చినపుడు పుస్తెలు తీయుదురు, గాజులు పగులగొట్టుదురు, కట్టుబట్ట సైతము కాటిలో మిగులదు. వెంట వచ్చునది పచ్చబొట్టొక్కటే అని మన ముత్తైదువలు నమ్మిరి. ఆలమూరు, కొత్తపేట ప్రాంతములందు వృద్ధస్త్రీల ముంజేతులమీద వరుస చుక్కలు, తేలుబొమ్మలు, తిరునామములు, వంకర టింకర తెలుగు అక్షరములలో భర్తపేరో తోబుట్టువు పేరో నేటికిని చూడవచ్చును. భర్తపేరు నోట పలుకరాదన్న ఆచారము గట్టిగా నుండిన దినములలో, పేరడిగినవారికి సమాధానముగా ముంజేయి చూపి ఊరకుండిన ఇల్లాండ్రు కలరు. ఆ చేతిని పట్టి పొడిపించునప్పటికి ఆ పిల్ల వయస్సు ఎంత? ఎనిమిదో, పదియో. ఇష్టమా అని ఆమెను అడిగినవారు లేరు. ఆ భర్త విడిచిపోయినను, మరణించినను, ఆమె మారుమనువు చేసికొన్నను, పేరు మాత్రము చేతిమీద వెనుకటి యింటి లెక్కను చదువుచునే యుండెడిది. చెరుపుకొనవలెనను కోరిక ఇట్టిచోటనే మొదట పుట్టును: ఒకరి చూపునకు వ్రాసిన వ్రాత మరియొకరి చూపున పడినపుడు.

ఐనను ఇంటివారి ముచ్చట వ్రాసిన వ్రాతకంటె రాజ్యము వ్రాసిన వ్రాత క్రూరతరమైనది. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము మహాపాతకులకు నుదుట వాతలు వేయవలెనని విధించినది. సురాపానము చేసినవానికి కల్లంగడి ధ్వజము, దొంగకు కుక్కపాదము. కౌటిల్యుని అర్థశాస్త్రమునను ఇట్టిదే శిక్ష కలదు. ఇవి కాల్చిన గుర్తులు. పొడిచి వ్రాయు శిక్షను మన దేశమున చట్టబద్ధము చేసినది మాత్రము ఈస్టిండియా కంపెనీ. అబద్ధసాక్ష్యము చెప్పినవారికి, కూటలేఖనము చేసినవారికి, యావజ్జీవ శిక్ష పడినవారికి నుదుట నేరము పేరు చెరుగని రీతిగా పచ్చబొట్టు పొడువవలెనని 1797లో వంగదేశమున శాసనము పుట్టెను. 1802లో చెన్నరాజధానియందు జిల్లా న్యాయస్థానములు నెలకొల్పి క్రొత్త నిబంధనలు వెలువరించినప్పుడు ఆ శిక్షయు వానితోపాటు ఇటు దిగినది. ఉత్తరసర్కారులును, వానిలో నుండిన మన రాజమహేంద్రవర మండలమును దాని ఏలుబడిలోనివే. బొంబాయి రాజధాని ఈ శిక్షను అవలంబింపలేదు. ఒకే కంపెనీ, ఒకే పతాక. ఒకచోట నుదురు వ్రాతపలక, మరియొకచోట కాదు.

శిక్షపడిన వారిని సముద్రముమీద పినాంగునకు, సింగపూరునకు పంపెడివారు. అక్కడి చెరసాలల అధికారియైన మెక్‌నేర్ 1899లో ప్రకటించిన గ్రంథమున భారతీయ ఖైదీల నొసళ్ళమీది ఆ వ్రాతలను వర్ణించియున్నాడు. వారు వేసిన రోడ్లు, కట్టిన కట్టడములు సింగపూరున నేటికిని నిలిచియున్నవి. శిక్షాకాలము చెల్లినను, క్షమాభిక్ష లభించినను, నొసటి అక్షరములు చెల్లవు. కావున తలపాగాను కనుబొమలదాక దించి కట్టుట వారు కనుగొన్న మొదటి ఉపాయము. చెరుపలేనివాడు కప్పును. ఊరిలో ఎండలేని వేళను సైతము పాగా విప్పని మనుష్యుని చూచినపుడు, ఆ పాగాక్రింద ఏమున్నదోయని అడుగువారు తప్పక యుందురు; ఆ ప్రశ్నను జీవితాంతము మోయవలసిన దుర్గతి శిక్షాస్మృతిలో ఏ పేజీయందును వ్రాయబడలేదు. 1849లో శాసనముచే ఈ నుదుటి వ్రాతను, దానితోపాటు అపరాధిని వీధుల వెంట ఊరేగించు పద్ధతిని తొలగించిరి. శాసనము ఇకమీదట వ్రాయరాదని మాత్రమే చెప్పెను. అప్పటికే వ్రాయబడిన నుదుళ్ళ మాట దానికి పట్టలేదు.

నుదురు విడిచిన రాజ్యము లెక్కపుస్తకమును పట్టుకొన్నది. చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను నౌక 1860 నవంబరు 16వ తేదీన దర్బను రేవు చేరినది మొదలు, నేటాలు చెరకుతోటలకు ఒడంబడికపై పోయిన తెలుగు కూలీల పట్టికలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు అను గడుల సరసన శరీరపు గుర్తులను వ్రాయు గడి యొకటి యుండెడిది. పుట్టుమచ్చ, గాయపు మచ్చ, పచ్చబొట్టు, ఏది యున్నను గుమాస్తా దానిని దించుకొనెడివాడు. తల్లి ముచ్చటపడి చేతిమీద పొడిపించిన చుక్కలు, పరదేశమున తోట విడిచి పారిపోయినవానిని పట్టుకొనుటకు ఆధారములైనవి. మన ఎస్.ఎస్.సి. పత్రములందు రెండు పుట్టుమచ్చలు వ్రాయించు ఆచారము ఈ గడికి దూరపు బంధువే.

ఆ పచ్చబొట్లు పొడిచిన స్త్రీల గతి మరింత శోచనీయము. 1911 నాటి నేరజాతుల చట్టముక్రింద చెన్నరాజధానిలో ఎరుకలవారిని జాతి జాతిగా నేరస్థులని ప్రకటించి, పేర్లు పట్టికకెక్కించి, వ్రేలిముద్రలు తీసికొని, ఊరు కదలవలెనన్న అనుమతిచీటి కావలెనని కట్టడిచేసి, బాపట్ల దగ్గర స్టూవర్టుపురమువంటి సెటిల్‌మెంట్లలో మిషనరీల చేతిక్రింద ఉంచిరి. గంపతో ఏరు దాటి, ఒక ఊరినుండి మరియొక ఊరికి, ఒక పిల్ల చేతినుండి మరియొక పిల్ల చేతికి నడచిన వృత్తి చీటీ లేక నడువరానిదైనది. ఊరివారి పేర్లను ఊరివారి ఒంటిమీద వ్రాసి యిచ్చిన చేతులకు రాజ్యము తాను వేరొక గుర్తు వేసెను. దానికి మసి అక్కరలేకపోయెను, సూది అక్కరలేకపోయెను. 1897లోనే కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసియుండుటచే, పోలీసులకు ఒంటిమీద వ్రాయవలసిన పనియే తీరినది. పుట్టుకతో వచ్చిన గీతలే చాలును. స్వతంత్రము వచ్చిన పిదప 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను గాని, ఆ పేరు ఊళ్ళ నోళ్ళనుండి పోవుటకు పట్టిన కాలమును ఏ శాసనమును తగ్గింపలేకపోయినది.

ఇక చెరుపుట. ఇచ్చట నాకు మిక్కిలి ఆశ్చర్యము గొలుపు విషయమొకటి కలదు. ఆరవ శతాబ్దమున మెసపొటేమియాలోని అమీదా పట్టణమున పుట్టి, కాన్‌స్టాంటినోపిలున ప్రసిద్ధుడైన ఏయీషియసు అను గ్రీకు వైద్యుడు, బానిసలకు, సైనికులకు పొడిచిన గుర్తులను మాన్పుటకు రెండు యోగములు వ్రాసియుంచెను. ఒకటి సున్నము, జిప్సము, సోడా కలిపిన ముద్ద. రెండవది మిరియాలు, సదాపాకు, తేనె కలిపినది. ముందు గుర్తును సోడాతో తోమి, ఒకవిధమగు గుగ్గిలము పట్టించి, ఐదు దినములు కట్టుకట్టి యుంచి, ఆరవనాడు సూదితో ఆ గుర్తునే మరల పొడిచి, నెత్తురు తుడిచి, ఉప్పు అద్ది, ఆ మీద మందు పెట్టవలెనట. మన గోదావరి పల్లెలలో పులిపిరులు, పుట్టుమచ్చలు రాల్చుటకు నాటువైద్యులు పెట్టునది ఏమి? గుల్లసున్నము, చాకలిసోడా. వలదనుకొన్న పచ్చబొట్టుమీదను ప్రయోగించునది అదియే. ఎన్నడును ఒకరినొకరు చూడని ఇద్దరు వైద్యుల చేతిలో ఒకే మందు!

దీనికి కారణము రసాయనశాస్త్రమున దొరకును. తడిసున్నమును సోడాను కలిపినపుడు వానినుండి కాస్టిక్ సోడా పుట్టును. అది చర్మమును, క్రొవ్వును కరగించివేయును. సుశ్రుతుడు సూత్రస్థానము పదునొకండవ అధ్యాయమున క్షారపాకవిధిని చెప్పుచు, మోదుగు మొదలగు చెట్ల బూడిదను నీట కలిపి వడియగట్టి, ఆ నీటిని కాచునపుడు కాల్చిన సున్నపురాతిని, శంఖములను అందు చేర్చవలెనని వ్రాసెను. అది కూడ ఈ తీక్ష్ణక్షారమును పుట్టించు ఉపాయమే. తిలకాలకములకు, అనగా నల్లమచ్చలకు, క్షారము పెట్టవచ్చునని ఆయనయే చెప్పెను. క్షారము పెట్టిన పిదప పుల్లని ద్రవముతో దానిని శాంతింపజేయవలెననియు హెచ్చరించెను. మన పల్లెవైద్యమునకు క్షారము దక్కినది, పులుపు మరుగున పడినది. కాలినంత మేర కాలి, చీము పట్టి, మానునప్పటికి అక్షరములు పోయి అక్షరముల ఆకారమున తెల్లని మచ్చ మిగిలెడిది. నల్లనివ్రాత తెల్లనివ్రాతగా మారినంత మాత్రమున చదువువారికి కష్టమేమున్నది?

నల్లజీడి మాటయు చెప్పవలసియున్నది. చాకలివారు బట్టలకు గుర్తుపెట్టు ఆ గింజరసము చర్మమునకు తగిలిన పొక్కు లేచును, కమిలినట్లు మచ్చ పడును. దెబ్బలు తగిలినవని దొంగకేసు పెట్టదలచినవారు దీనిని ఒంటికి పూసికొందురని న్యాయవైద్య గ్రంథములు వైద్యులను హెచ్చరించుచున్నవి. జీడిమామిడి గింజ డొల్లనుండి కారు నూనెయు అట్టిదే. సఖినేటిపల్లి మండలములోని మోరిలో జీడిపప్పు ఒలుచు స్త్రీల వ్రేళ్ళను చూచినవారికి దాని పదును వేరుగ చెప్పనక్కరలేదు. కాల్చిన ఇనుముతో వాతపెట్టుకొనినవారు, గరుకురాతితో ఒరసి ఉప్పు రుద్దినవారు ఉన్నారు. ఉప్పుతో రుద్దుట యూరపు వైద్యులును చిరకాలము చేసిన పనియే. 1888లో పారిసున వారియో అను వైద్యుడు గుర్తుమీద టానిను పూసి, సూదులతో దట్టముగా పొడిచి, వెండినైట్రేటు కణికతో రుద్ది, నల్లని పెచ్చుకట్టించి రాల్చు పద్ధతిని ప్రకటించెను. ఇరువదవ శతాబ్దమున తిరుగు చక్రముతో చర్మమును అరగదీయుట, ఆ మేరకు చర్మమును కోసి కుట్టుట, తొడచర్మము తెచ్చి అతికించుట వచ్చినవి. వీనియన్నిటి సూత్రమొక్కటే: రంగును తీయలేము గనుక రంగున్న చర్మమును తీయుదము.

రంగమునకు, అనగా రంగూనునకు, పోయినవారి మాట ఇచ్చట గుర్తునకు వచ్చుచున్నది. కాకినాడనుండి పొగయోడలమీద గోదావరి జిల్లా కూలీలు వేలకు వేలు బర్మాకు పోయెడి దినములలో, రంగూను రేవున బస్తాలు మోసినవారిలో తెలుగువారే అధికులు. అక్కడ వారిని కోరంగీలనిరి. నడుమునుండి మోకాళ్ళవరకు దీపపుమసితో చిత్రములు పొడిపించుకొనుట పౌరుషచిహ్నముగా ఎంచు దేశమది. అక్కడి పనివారిచే పులిబొమ్మయో నెమలిబొమ్మయో చేతిమీద పొడిపించుకొని ఊరు చేరిన యువకునకు ఆ బొమ్మ విదేశము చూచిన గౌరవము. 1930 మే నెలలో రేవుకూలీల సమ్మె వెంట రంగూనున తెలుగువారిమీద దొమ్మీలు చెలరేగినపుడును, 1942లో జపానుసేనలు వచ్చిపడగా అడవులవెంట కాలినడకను మరలివచ్చినపుడును, ఆ బొమ్మ మోసినవారికి అది తెచ్చిన జ్ఞాపకములు వేరు. చేతిమీద గీత మారలేదు, దాని అర్థము మారినది.

ఇతరచోట్ల ఈ మార్పు ఇంకను ఘోరముగా జరిగినది. ఔష్‌విట్జు చెరలో నాజీలు యూదుల ముంజేతులమీద సంఖ్యలు పొడిచిరి. బ్రతికి బయటపడినవారిలో కొందరు వానిని కోయించివేసికొనిరి, కొందరు సాక్ష్యముగా జీవితాంతము ఉంచుకొనిరి. 1947లో దేశవిభజన వేళ పంజాబున ఎత్తుకొనిపోబడిన స్త్రీలలో పలువుర శరీరములమీద పగవారి పేర్లు, నినాదములు పొడువబడినవి. వారు తిరిగి వచ్చినను ఆ వ్రాత వారితో వచ్చెను. ఉంచుకొన్నవారిది ధైర్యమని, చెరిపించుకొన్నవారిది పిరికితనమని పలుకు అధికారము ఎవరికిని లేదని నేను గట్టిగా నమ్ముదును. ఆ చర్మము వారిది.

రంగున్న చర్మమును కాక రంగునే తీయుట 1960లో మెయిమన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కెంపురాతినుండి మొదటి లేసరు కిరణమును పుట్టించిన పిమ్మటనే సాధ్యమైనది. ఆ దశకముననే సిన్సినాటి వైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ ఆ కిరణమును పచ్చబొట్లమీద ప్రయోగించి చూచెను. కిరణము ఎక్కువసేపు నిలిచిన చర్మము కాలును. మసిరేణువు వేడెక్కి పగులుటకు కావలసినంత స్వల్పకాలమే దానిని తాకించవలెను. ఈ సూత్రమును అండర్సన్, పారిష్ అను ఇద్దరు 1983లో స్పష్టపరచిరి. అదే సంవత్సరమున గ్లాస్గో వైద్యులు సెకనులో కొన్ని వందకోట్లవ వంతుల మేరకే వెలుగు కెంపు లేసరుతో పచ్చబొట్లు మాన్పిన ఫలితములు ప్రకటించిరి. ఇప్పుడు మన పట్టణములలో చర్మవైద్యులు వాడు ఎన్‌డి-యాగ్ లేసరు 1064 నానోమీటర్ల కిరణము కంటికి కనబడనిది. చర్మపు సహజవర్ణమును అంతగా తాకక లోపలికి దిగి, నల్లని మసిని వెదకి పట్టుకొనును గనుక మనవంటి చామనచాయ వారికి క్షేమకరము. రేణువు చిన్నముక్కలుగా పగిలినపుడు భక్షకకణములు ఆ ముక్కలను కొంతకొంతగా లసికానాళముల వెంట మోసికొనిపోవును. కొంత రంగు చంకలోని గ్రంథులలో చేరి అక్కడ నిలిచిపోవును. అంటే ఈనాటి చికిత్సయందును అసలు చెరుపునది వెలుగు కాదు, ఒడలే.

ఇందొక విశేషమున్నది. ఎరుకల స్త్రీ పొడిచిన అవిసెపసరు మసి శుద్ధమగు అంగారము; ఆ మసియే లేసరునకు అన్నిటికంటె సులువుగా లొంగును. ఈనాటి దుకాణములలో యంత్రముతో పొడుచు పచ్చ, పసుపు, నీలి రంగులు అట్లు లొంగవు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క కిరణము కావలెను, కొన్ని ఏ కిరణమునకును పూర్తిగా పోవు. బామ్మ చేతిమీది చుక్కలు మనుమని భుజముమీది డ్రాగనుకంటె త్వరగా మాయునని చెప్పిన ఎవరును ముందు నమ్మరు.

చెరుపుటకు విద్య వచ్చినంత మాత్రమున వ్రాయు చేతులు ఊరకుండలేదు. 1849 నాటి శాసనమునకు 144 సంవత్సరముల తరువాత, 1993లో, అమృతసరమున జేబులు కొట్టిరన్న నేరముపై పట్టుకొన్న నలుగురు స్త్రీల నుదుళ్ళమీద పోలీసులు జేబుదొంగ అను అర్థమిచ్చు మాటను పంజాబీ అక్షరములలో పచ్చబొట్టు పొడిపించిరి. కంపెనీ దొరలే సిగ్గుపడి మానుకొన్న శిక్షను, ఏ న్యాయస్థానమును విధింపకయే, స్వతంత్రదేశపు పోలీసులు విధించిరి. న్యాయస్థానమును మానవహక్కుల సంఘమును కలుగజేసికొన్న పిదప ప్రభుత్వపు ఖర్చుతో వారి నుదుళ్ళకు ప్లాస్టిక్ సర్జరీ జరిగెను. దోషులైన పోలీసులకు శిక్ష పడినది మాత్రము 2016లో. బలవంతపు వ్రాతను చెరుపు బాధ్యత వ్రాసిన రాజ్యముదే అని ఆ వ్యవహారము మన దేశమున స్థిరపరచినది. 1849లో మరచిన ఖండిక ఇది.

మన సీమకు మరల వత్తము. నేడు కోనసీమ యువకుడు పచ్చబొట్టు చెరిపించుకొనుటకు తరచుగా కనబడు కారణము సైన్యములో చేరవలెనను కోరిక. మోచేతినుండి మణికట్టువరకు ముంజేతి లోపలివైపునను, అరచేతి వెనుకవైపునను తప్ప ఇతరస్థానముల శాశ్వతపు పచ్చబొట్టున్నవారిని సైన్యము చేర్చుకొనదు. ఆచారమువలన పొడిపించుకొను గిరిజనులకు మాత్రము సడలింపు కలదు. కేంద్ర సాయుధ పోలీసు దళములలో కుడిచేయి వందనము చేయు చేయి గనుక దానిమీద పనికిరాదు; ఎడమచేతిమీదనైనను ఆ భాగములో నాలుగవ వంతునకు తక్కువగా నుండవలెను. పదునారేండ్ల వయసున స్నేహితుల ప్రోద్బలముననో, అభిమాన నటుని సినిమా విడుదలైన ఉత్సాహముననో, ఒక పిల్ల పేరుమీది మోహముననో కుడిభుజముమీద పొడిపించుకొన్నవాడు, తెల్లవారుజామున ఏటిగట్టుమీద పరుగెత్తి దేహదారుఢ్యము సంపాదించి, పరుగుపందెమున నెగ్గి, వైద్యపరీక్షయందు ఆ పేరువలన వెనుకకు వచ్చుట ఎంత పరితాపకరమో తలిదండ్రులు ఎరుగుదురు. పెండ్లిసంబంధములు కుదురు వేళ పాత పేరును మాయింపజూచు కన్యలు మరికొందరు. వారు సిగ్గుచే పెద్దలకు చెప్పరు. చెప్పరు గనుకనే ఆసిడ్ లేపనములు, అంతర్జాలమున అమ్ము మైనములు తెప్పించుకొని చర్మము కాల్చుకొందురు.

కావలసిన ఉపదేశము క్లుప్తమైనది. ఒక్కమారు లేసరు తాకించిన గుర్తు పోదు. ఆరు మొదలు పదిమార్లు పట్టుట సాధారణము, రెంటి నడుమ ఆరునుండి ఎనిమిది వారముల విరామముండవలెను, అనగా ఇంచుమించు ఏడాది పని. తొందరపడి విరామము తగ్గించిన, కిరణతీవ్రత పెంచిన, మన చర్మమున తెల్లమచ్చయో, ఉబ్బెత్తు కీలాయిడో మిగులును. చికిత్సకు ముందు తరువాత ఎండ తగులనీయరాదు. ఏటిగట్టుమీద పరుగెత్తువారికి, ఇసుకర్యాంపులలో పనిచేయువారికి ఇది కష్టమైన నియమమే. కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో చర్మవైద్యులున్నారు. సౌందర్యశాలకు పోవుటకు ముందు వారియొద్దకు పోవుట మేలు. గుర్తు పొడిచిన సూది ఎవరెవరి ఒంటిలో దిగివచ్చినదో తెలియదు గనుక కామెర్ల పరీక్ష, హెచ్.ఐ.వి. పరీక్ష కూడ అక్కడనే చేయించుకొనవచ్చును. సైనిక సమీకరణమునకు పోదలచినవాడు ప్రకటన వెలువడిన నాడు కాక, అంతకు ఏడాది ముందే వైద్యుని చూడవలెను.